నాలుక కింద వేలు

నాకు నా తోడికోడలంటే కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, వినేవాళ్ళకూ సుఖం. ఏదో పెద్ద మనసున్నదానిలా మొదలుపెట్టి, నసిగి నసిగి చివరికి అసలు సంగతి బయటపెట్టడం నాకు చేతకాదు.

ఇద్దరం డాక్టర్లమే. ఒకే ఆస్పత్రిలో, అదీ క్యాజువాలిటీలోనే పనిచేస్తాం. నేను పదిహేనేళ్ళుగా, ఆమె ఆరు నెలలుగా. అన్నదమ్ములిద్దర్నీ చేసుకున్నాం కాబట్టి ఇల్లు కూడా ఒకటే. కింది వాటాలో మేమూ అత్తామామలూ, పై వాటాలో వాళ్ళు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమె మొహమే, ఇంటికొస్తే మెట్ల మీద మళ్ళీ ఆమె మొహమే. పోనీ ఆ మొహం చూడలేనట్టుగా ఉంటుందా అంటే, చక్కగా ఉంటుంది. అదొక ఏడుపు నాకు.

గొడవంతా పంటినొప్పితో వచ్చింది.

క్యాజువాలిటీలో పంటినొప్పివాళ్ళని ఎవరూ లెక్కచెయ్యరు. రక్తాలు కారుతూ వచ్చినవాళ్ళు, ఊపిరాడనివాళ్ళు, గుండె పట్టుకుని వచ్చినవాళ్ళు, అందరూ అయ్యాకే వాళ్ళ వంతు. పళ్ళ విభాగం ఒంటిగంటకల్లా తాళం వేసుకుని పోతుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పన్నూ మా నెత్తినే పడుతుంది. చెంప చేత్తో పట్టుకుని బల్ల మీద గంటలకొద్దీ కూర్చుంటారు పాపం. వాళ్ళని చూడటంలో నా పద్ధతి నాకుంది. చల్లటిది తగిలితే జివ్వుమంటుందా, వేడిది తగిలితేనా, పడుకుంటే పోటు ఎక్కువవుతుందా అని అడుగుతాను. చెంచా కాడతో ఒక్కో పన్నూ తట్టుకుంటూ పోతాను. చెడ్డ పన్ను దగ్గరికి రాగానే మనిషి కుర్చీలోంచి లేస్తాడు. నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటోందా లేదా చూస్తాను. ఆఖరున నాలుక కింద వేలు పెట్టి నొక్కుతాను. మెత్తగా ఉంటే భయం లేదు. గట్టిగా ఉందంటే పంటి చీము నాలుక కిందికి దిగిందన్నమాట. ఇక నాలుక పైకి లేచి గొంతుకి అడ్డం పడటానికి కొన్ని గంటలు చాలు. పదిహేనేళ్ళలో అలాంటివాళ్ళు నాకు ముగ్గురు దొరికారు, ముగ్గురూ బతికారు. నాలుక కింద వేలు పెట్టకుండా పంటినొప్పి మనిషిని ఇంటికి పంపితే మిమ్మల్ని నేను ఇంటికి పంపిస్తానని కొత్తగా చేరిన ప్రతి డాక్టరుకీ చెప్తాను. ఆమె చేరిన మొదటిరోజే ఆమెకీ చెప్పాను.

ఇదంతా అయ్యాక నేను చేసే వైద్యం మామూలే. తుంటికో ఇంజెక్షన్, నాలుగు మాత్రలు, మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పళ్ళ విభాగానికి పొమ్మని చీటీ. మూలుగుతూ వచ్చినవాళ్ళు కాస్త తక్కువగా మూలుగుతూ వెళ్ళేవాళ్ళు. ఎవరూ నన్ను తిట్టలేదు. పొగడనూ లేదని ఆమె వచ్చేదాకా నేను గమనించలేదు.

ఆమె వస్తూనే నోట్లో ఇంజెక్షన్ మొదలుపెట్టింది. దవడ వెనకాల నరం లోపలికి పోయే చోట మందు వదిలితే ఆ పక్క కింది పళ్ళన్నీ ఒక్కసారిగా మొద్దుబారతాయి. ఏడుస్తూ వచ్చిన మనిషి అయిదు నిమిషాల్లో నవ్వుతూ లేస్తాడు, అదీ సగం మూతితో, రెండో సగం కదలదు కాబట్టి. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, సెలవుల్లో పళ్ళ డాక్టరు స్నేహితురాలి పక్కన నిలబడి నేర్చుకున్నానంది. అవే సెలవుల్లో నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఇక చూడాలి నా అవస్థ. ఆ చిన్న డాక్టరమ్మ లేరా అని అడగడం మొదలుపెట్టారు జనం. నేను స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని ఎదురుగా నిలబడి ఉంటే, నా భుజం మీంచి తొంగిచూస్తూ అడుగుతారు. ఆవిడ హస్తవాసి అలాంటిదండీ అని నాకే చెప్తారు. ఆమెను చిన్న డాక్టరమ్మ అన్న పాపానికి నేను పెద్ద డాక్టరమ్మనైపోయాను. అంతకుముందు నేను వట్టి డాక్టరమ్మనే.

ఇంట్లో కూడా అదే వరస. మా మామగారు టైలరు. వీధివైపు గదిలో నలభై ఏళ్ళుగా అదే మిషను, అదే బల్ల. గుబురుగా నెరిసిన గడ్డం, పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులు, వాటిని తియ్యకుండానే మాట్లాడతారు. కొత్తవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు గానీ మాకు బాగానే తెలుస్తుంది. మిషను దగ్గర కూర్చుని కూర్చుని నడుం వంగిపోయింది. సోఫాలో కూర్చున్నా ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించే కూర్చుంటారు. నా తెల్లకోట్లన్నీ ఆయన కుట్టినవే, పదిహేనేళ్ళలో ఏడు కోట్లు. ఆమె ఉద్యోగంలో చేరగానే ఆమెకీ ఒకటి కుట్టారు. కుడితే కుట్టారు, కాదనను. కానీ ఆ కోటుకి లోపలివైపు, గుండె దగ్గర, ఇంతే చిన్న జేబు. నోట్లో పెట్టి చూసే అద్దం దాచుకోవడానికట. నా ఏడు కోట్లలో ఒక్కదానికీ లోపలి జేబు లేదు.

నవ్వొస్తే నవ్వుకోండి. ఆ జేబు చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

దాంతో నేను కూడా ఆ ఇంజెక్షన్ నేర్చుకున్నాను. ఆమెను అడిగితే నా పరువేం కావాలి? ఆమె వేస్తున్నప్పుడు ఏదో మందు వెతుకుతున్నట్టు అలమర దగ్గర నిలబడి చూశాను. ఫోన్లో వీడియోలు చూశాను. పళ్ళ విభాగం డాక్టరుని పట్టుకుని, పొద్దుటిపూట ఆయన ఎదుటే ముగ్గురికి వేశాను. తర్వాత ఆమె లేని డ్యూటీల్లో అయిదారుగురికి నేనే సొంతంగా వేశాను, అందరికీ పట్టింది. ఆమెకి మాత్రం చెప్పలేదు.

ఆ రోజు ఇద్దరికీ ఒకటే డ్యూటీ. మధ్యాహ్నం రెండు కావొస్తోంది. ఆమె కట్టుగదిలో ఒక పెద్దాయన విరిగిన మణికట్టుకి పిండికట్టు వేస్తోంది. నేను నడవలో ఎక్స్‌రే ఒకటి వెలుతురుకి పెట్టి చూస్తున్నాను. ఇంతలో కౌంటరు దగ్గర మా అత్తగారి గొంతు వినబడింది. తిరిగి చూస్తే పక్కనే మామగారు, మెడలో టేపు, చేతిలో తుండుగుడ్డ. అత్తగారు కౌంటరు మనిషికి గట్టిగా చెప్తున్నారు.

"మా చిన్నకోడల్ని పిలు నాయనా. ఈయనకి పంటినొప్పి. ఆ అమ్మాయే వెయ్యాలి, నోట్లో ఇంజెక్షన్."

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అత్తగారు నన్ను చూడలేదు. చూసినా అదే మాట అనేవారు, ఆవిడ అలాంటి మనిషే. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆవిడని చీటీ రాయించడానికి వరసలో నిలబెట్టి, కౌంటరు మనిషి మామగారిని లోపలికి పంపాడు. నేను ఎదురెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని సరాసరి కట్టుగది పక్కనున్న డ్రెస్సింగు గదిలోకి తీసుకెళ్ళి తెర లాగేశాను.

చిన్నది ఏదని కాబోలు అడిగారు, మూతి కదపకుండా. ఆమె కట్టు వేస్తోంది మామయ్యా, నేను లేనా అన్నాను. ఉన్నావులే అన్నట్టు తలాడించి కూర్చున్నారు. నొప్పి నాలుగు రోజుల నుంచట. లవంగం పెట్టుకున్నారు, దుకాణంలో అడిగి మాత్రలు మింగారు, పొద్దున జ్వరం మాత్ర కూడా వేసుకున్నారు. నాలుగు రోజులుగా ఒకే ఇంట్లో ఉండి, ఆయన సరిగా తినడం లేదని నేను చూసుకోలేదు. అది విన్నాక సిగ్గు వెయ్యాలి కదా. నాకు మాత్రం ముందు, ఈ సంగతి చిన్నదానికి చెప్పారేమోనన్న అనుమానం వచ్చింది.

చెంచా కాడతో తట్టాను. ఎడమ పక్క కింద, చివరినుంచి రెండోది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు రెండు వేళ్ళ మందమే తెరుచుకుంది. నొప్పికి తెరవలేకపోతున్నారనుకున్నాను. ఆ తర్వాత నాలుక కింద వేలు పెట్టాలి. చేతికి గ్లవ్స్ ఉన్నాయి, వేలు పైకెత్తాను కూడా.

సరిగ్గా అప్పుడు కట్టుగదిలోంచి ఆమె గొంతు వినబడింది. అయిపోయింది తాతగారూ, ఇక లేవొచ్చు అంటోంది. అంటే రెండు నిమిషాల్లో చేతులు కడుక్కుని ఇటు వస్తుంది. వస్తే మామయ్యా అంటూ పక్కన కూర్చుంటుంది, సిరంజి దాని చేతికి పోతుంది, సాయంత్రానికి ఇంట్లో మళ్ళీ దాని హస్తవాసి గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. నేను వేలు దించి సిరంజి అందుకున్నాను.

నోరు చాలినంత తెరుచుకోకపోయినా పనితనమంతా చూపించాను. బొటనవేలితో దవడ ఎముక అంచు పట్టుకున్నాను. అవతలి పక్క పళ్ళ మీంచి సూది పోనిచ్చి, ఎముక తగిలాక కాస్త వెనక్కి లాగి, రక్తం రాలేదని చూసుకుని, మెల్లగా మందు వదిలాను. అయిదు నిమిషాలయ్యాక అదే పన్ను మళ్ళీ తట్టాను. ఆయన కదల్లేదు. నా వైపు ఆశ్చర్యంగా చూసి, నా తల మీద చెయ్యి వేశారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన నా తల మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. నేను నేల మీద లేను.

బయటికి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాను. అత్తగారు చీటీ పట్టుకుని గబగబా వచ్చి, నొప్పి పోయిందని సైగలతో తెలుసుకుని, మురిసిపోతూ నాతో అన్నారు.

"చూశావా, అయిదు నిమిషాల్లో తీసేసింది చిన్నమ్మాయి."

నాలుక చివరిదాకా వచ్చింది నా మాట. ఆపుకున్నాను. ఈ నడవలో, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య చెప్తే ఏం మజా? ఇంటికెళ్ళాక అందరూ కూర్చున్నప్పుడు, ఆమె ఎదురుగా ఉన్నప్పుడు, వేసింది పెద్దకోడలని మామయ్య నోటితోనే చెప్పించాలనుకున్నాను. ఎలా చెప్పించాలో, అప్పుడు నేనెలా ఏమీ పట్టనట్టు కూర్చోవాలో కూడా ఆలోచించుకుంటూ మందుల చీటీ రాశాను.

ఆ చీటీ రాయడానికి మధ్యలో ఇద్దరు రోగులు అడ్డం వచ్చి, ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా అత్తగారు రెండుసార్లు వచ్చారు. ఆయన గడ్డం మీదికి చొంగ కారుతోంది, తుడవలేక చస్తున్నానన్నారు. మందుకి మూతి మొద్దుబారింది అత్తయ్యా, సాయంత్రందాకా అలాగే ఉంటుందన్నాను. మంచినీళ్ళు మింగలేకపోతున్నారన్నారు. దానికీ అదే జవాబు చెప్పాను. ఒకసారి తలెత్తి చూశాను కూడా. బల్ల మీద ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఎప్పుడూ చూసే కూర్చోవడమే కదా అనుకున్నాను. ఇదే బయటి మనిషైతే పరిగెత్తేదాన్ని. ఊపిరికి కష్టపడేవాళ్ళు అలాగే కూర్చుంటారని నేనే అందరికీ పాఠం చెప్తాను.

చీటీ ఇచ్చేశాను. అత్తగారు సంచీ సర్దుకుని ఆయన్ని లేపుతున్నారు. అప్పుడొచ్చింది ఆమె, కట్టుగదిలో ఇంకో ఇద్దరికి కట్లు వేసి, చేతులకి పిండి మరకలతో. మామయ్యా అని నవ్వుతూ పలకరించింది. ఆయన ఏదో అన్నారు. ఆమె నవ్వుతున్నదల్లా ఆగి, ఇంకోసారి చెప్పమంది. మళ్ళీ అన్నారు. గొంతులో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, మామయ్య నోట్లో గుండుసూదులు లేవు కదా. మరెందుకలా మాట్లాడుతున్నారు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. నీ ఒక్కదానికేనా తెలిసింది, నోట్లో ఇంజెక్షన్ పడితే మాట ముద్దగానే వస్తుంది అన్నాను. ఆమె నాతో వాదించలేదు. అత్తగారిని అడిగింది, మాట ఎప్పటినుంచి ఇలా ఉందని.

"పొద్దున్నుంచీ అంతేనమ్మా. సూదులు పెట్టుకుని మాట్లాడుతున్నారనుకుని నేనూ పట్టించుకోలేదు" అన్నారు అత్తగారు.

పొద్దున్నుంచీ. నేను మందు వేసింది రెండింటికి.

ఆయన ముందు మోకాళ్ళ మీద కూలబడి, గ్లవ్స్ సంగతి కూడా మర్చిపోయి, నాలుక కింద వేలు పెట్టాను. చెక్క మీద పెట్టినట్టుంది. నాలుక అప్పటికే అంగిలి దాకా లేచింది. గడ్డం వెంట్రుకల్లోకి చెయ్యి పోనిచ్చి చూస్తే దవడ కిందంతా బిగుసుకుపోయి ఉంది. ఆ నెరిసిన గడ్డం కింద అంత వాపు దాక్కుని ఉంటే నాకు కనబడలేదు. ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. రాత్రి అందరూ కూర్చుని నా గొప్ప వినే వేళకి ఆయన ఉండేవారు కాదు.

ఆ తర్వాత నేను చేసిందంతా చేతులు చేశాయి. ఆయన్ని పడుకోబెట్టవద్దని అరిచాను. కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే చక్రాల మంచం మీదికి ఎక్కించాం. ఆక్సిజన్ పెట్టించాను, మత్తు డాక్టరుకీ గొంతు సర్జనుకీ ఫోను చేయించాను, థియేటరు సిద్ధం చెయ్యమన్నాను. చేతికి సెలైన్ సూది ఎక్కించడానికి ఆమె ముందుకొచ్చింది గానీ, ఇంతకుముందు ఇలాంటి కేసు చూడలేదు, పైగా సొంత మనిషి. చేతులు గడగడ వణికి సూది రెండుసార్లు తప్పింది. నేను తీసుకుని ఒక్క పోటులో ఎక్కించాను. ఇది కూడా చెప్పుకోవాలి. మామగారు ఊపిరి కోసం గింజుకుంటున్న ఆ నిమిషంలో కూడా, ఆమె చేతులు వణికినందుకు నాలో ఏ మూలో సంతోషం కలిగింది. అంత నీచురాల్ని నేను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. కత్తెర పట్టి పట్టి కాయలు కాసిన వేళ్ళు. థియేటరులో కూడా వదల్లేదు. మత్తు డాక్టరు, మనిషి మెలకువగా ఉండగానే, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టాన్ని గొంతులోకి దింపాడు. సర్జను కత్తి పట్టుకుని మెడ దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు. నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఊపిరి పీల్చండి మామయ్యా, ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూనే ఉన్నాను. గొట్టం లోపలికి దిగి, ఊపిరి అందులోంచి ఆడటం మొదలయ్యాక మత్తిచ్చారు. అప్పుడే ఆ వేళ్ళు నా చేతి మీంచి జారాయి. దవడ కింద కోసి చీము తీశారు. ఇంటినుంచి పిలిపించిన పళ్ళ డాక్టరు ఆ పన్ను పీకి పళ్ళెంలో వేశాడు.

బయటికొచ్చేసరికి మా ఆయనా మరిదీ ఆఫీసుల్లోంచి పరిగెత్తుకొచ్చి ఉన్నారు. ప్రాణానికి గండం గడిచిందని చెప్పాను. అత్తగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నా మాట వినగానే ఆవిడ భయమంతా కోపంగా మారి, ఎదురుగా నిలబడ్డ చిన్నకోడలి మీద పడింది.

"నీ ఇంజెక్షన్లు నీ దగ్గరే పెట్టుకోమ్మా. నడుచుకుంటూ వచ్చిన మనిషి. నువ్వు నోట్లో సూది పొడిచాకే ఇట్లా అయ్యారు."

నువ్వే వేశావా అని మరిది భార్యని అడిగాడు. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. చీటీ మీద నా రాత ఆమె చూసింది, వేసిందెవరో ఆమెకి తెలుసు. అయినా అవునన్లేదు, కాదన్లేదు. తల దించుకుంది.

ఒక నిమిషం పాటు నేనూ నోరు మెదపలేదు. మెదపకపోతే చాలు. ఆరు నెలలుగా నేను కోరుకున్నదంతా దానంతటదే జరిగిపోతుంది. ఇంట్లో ఇక ఎవరూ చిన్నదాని హస్తవాసి మాట ఎత్తరు. మామగారు కళ్ళు తెరిచి చెప్పేదాకా ఎవరికీ నిజం తెలియదు. గొట్టం తీశాక ఆయన మాట్లాడేసరికి ఎన్నో రోజులు పడుతుంది. అప్పటికి ఇంజెక్షన్ వేసిందెవరో ఆయనకైనా గుర్తుంటుందో లేదో.

ఆమె ఇంకా తల దించుకునే ఉంది. నా కోసం, నన్ను కాపాడటానికి. రేపెప్పుడో నిజం బయటపడుతుంది, పడకుండా ఉండదు. అప్పుడు ఏమంటారు అందరూ? తన తప్పు కాకపోయినా మాట పడింది, తోడికోడల్ని ఒక్క మాట అనలేదు, ఎంత మంచి మనసమ్మా అంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంజెక్షనూ దానికే, జేబూ దానికే, చివరికి ఈ మంచితనం కూడా దానికేనా? ఇది మాత్రం నేనివ్వను.

"ఆమె వెయ్యలేదు అత్తయ్యా. వేసింది నేను" అన్నాను.

అత్తగారు అర్థం కానట్టు చూశారు. నేను ఆపకుండా చెప్పేశాను. ఇంజెక్షన్ వల్ల జరిగిందేమీ లేదని, లోపల చీము పొద్దుటినుంచే ఉందని, నాలుక కింద వేలు పెట్టి ఉంటే అప్పుడే తెలిసేదని, నేను పెట్టలేదని చెప్పాను. ఆమె వస్తే పేరు ఆమెకి పోతుందని తొందరపడ్డానన్నాను. కనిపెట్టింది మాత్రం ఆమేనన్నాను. తర్వాత వెళ్ళి కేసు షీటులో కూడా అదే రాశాను, నోటి లోపలి పరీక్ష పూర్తిగా చెయ్యలేదని, నా సంతకంతో. ఆస్పత్రి సూపరింటెండెంటు పిలిచి పెట్టిన చివాట్లు వేరే. అత్తగారు మాత్రం ఆ పూట నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

సాయంత్రం మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆమె నన్ను పట్టుకుంది.

"ఎందుకు చెప్పారక్కా? నేను ఏమీ అనేదాన్ని కాదు కదా."

"అందుకే చెప్పాను. నీ మీద కుళ్ళుతో."

"నా మీదా? దేనికి?"

ఎన్నో ఉన్నాయి చెప్పడానికి. రోగులు, అత్తగారు, చిన్న డాక్టరమ్మ, దుప్పటి కప్పుకుని పోగొట్టుకున్న సెలవులు. నోరు తెరిస్తే మాత్రం బయటికొచ్చింది ఒక్కటే.

"నీ కోటుకి లోపలి జేబుంది."

ఆమె తన కోటు వంక చూసుకుంది, నా కోటు వంక చూసింది. నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. మొహం కడుక్కున్నాక, నన్ను చూడకుండా కుళాయి వంక చూస్తూ చెప్పింది. చక్రాల మంచానికి అవతలి పక్కన తనూ థియేటరు దాకా నడిచిందట. మామయ్య నా చెయ్యి వదల్లేదట, తన వైపు ఒక్కసారైనా తిరగలేదట. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మూతి బిగుసుకుంది. ఆ బిగింపు నాకు కొత్త కాదు. నా చేతిలో నీళ్ళ గ్లాసు ఆమెకిచ్చాను.

అయిదో రోజున మామగారికి గొట్టం తీశారు. మెడకి కట్టు, గడ్డం గీసేసిన మొహం, ఎవరో వేరే మనిషిలా ఉన్నారు. నోరు పరీక్ష చెయ్యాలని ట్రే తీసుకుని వచ్చాను, వెనకాలే ఆమె కూడా వచ్చింది. అత్తగారు మంచం పక్కనుంచి లేవకుండా, వేరే డాక్టరునెవరినైనా పిలిస్తే బాగుంటుందేమో అన్నారు. చూపు మాత్రం నా చేతి మీదే పెట్టారు. నేను ట్రే కింద పెట్టేశాను. న్యాయమే కదా, ఆవిడని ఏమనగలను?

మామగారు చెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి నా వైపు చూపించి, నోరు తెరిచారు. మూడు వేళ్ళు పట్టేంత తెరిచారు.

దగ్గరికెళ్ళాను. టార్చి వేశాను. పన్ను పీకిన చోటు శుభ్రంగా ఉంది. తర్వాత నాలుక కింద వేలు పెట్టి నొక్కాను. మెత్తగా ఉంది. ఇటు చివరినుంచి అటు చివరిదాకా మెత్తగా ఉంది. కళ్ళు మసకబారి వేలు తియ్యడం ఆలస్యమైంది. ఆయన ఆ వేలిని ముందుపళ్ళతో మెల్లగా కొరికారు, దారం కొరికినట్టు.

"ఆ రోజు పెట్టాల్సింది" అన్నారు. అయిదు రోజుల తర్వాత మొదటి మాట, బొంగురుగా, పెదవులు పూర్తిగా కదిలిస్తూ.

తప్పైపోయింది మామయ్యా అన్నాను. ఆయన నా కోటు అంచు పట్టుకుని దగ్గరికి లాగారు. లోపలివైపు తిప్పి, గుండె దగ్గర గుడ్డని వేళ్ళతో సరిచేసి చూశారు. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. ఆమె కిటికీలోంచి బయట ఏదో చూస్తున్నట్టు నటిస్తోంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నా మాట మోసేసింది మహాతల్లి.

"పదిహేనేళ్ళలో ఒక్కసారైనా అడిగావా? అడిగితే కుట్టనా?" అన్నారు మామగారు.

అడగలేదు. నిజంగానే ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన జేబు పడాల్సిన చోట బొటనవేలు పెట్టి, జేబు ఎంత లోతు కావాలమ్మా అని అడిగారు.

"చిన్నదాని జేబుకంటే ఒక వేలు ఎక్కువ" అన్నాను.